మఱపునకు మానదండము

వడ్లు కొలుచుటకు మనకు సోల, తవ్వ, మానిక, కుంచము కలవు. బంగారము తూచుటకు గురివిందగింజ కలదు. పొలము కొలుచుటకు గొలుసు కలదు. బుద్ధిని కొలుచుటకు సాధన మేది? ముప్పదియైదేండ్లు బడిలో తెలుగు చెప్పి, వేలకొలది జవాబుపత్రములు దిద్దినవాడను గనుక ఈ ప్రశ్న నాకు క్రొత్తది కాదు. నూటికి ఇన్ని మార్కులని వ్రాసి క్రింద సంతకము చేయుట సులభము. ఆ అంకె వెనుకనున్న పిల్లవానికి నిజముగా ఎంత తెలియునో, నిన్నటికంటె నేడు వాని తెలివి హెచ్చినదో తగ్గినదో చెప్పుట మాత్రము సులభము కాదు.

నేటి ప్రసంగమునకు విషయము అట్టి కొలతలలో నొకటి. స్తనమునందు క్యాన్సరు సోకి, చికిత్స పొంది, బ్రతికి బయటపడిన వృద్ధస్త్రీలలో కొందఱు "నా బుద్ధి మునుపటివలె లేదు" అని చెప్పుకొనుచున్నారు. ఆ మాట నిజమా? నిజమైనచో తగ్గినది ఎంత? తగ్గించినది వ్యాధియా, మందా, వయస్సా? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుచు వైద్యులును మనశ్శాస్త్రజ్ఞులును నలువదియేండ్లకు పైగా నడచిన దారిని సంగ్రహముగా మీకు వివరింతును.

బుద్ధిని పరీక్షించుట మన దేశమునకు క్రొత్త విద్య కాదు. అష్టావధాన మన నేమి? ఒక వంక సమస్య పూరించుచు, ఒక వంక నిషిద్ధాక్షరిని తప్పించుకొనుచు, చదరంగమున ఎత్తులు వేయుచు, గంట లెన్ని మ్రోగినవో లెక్కపెట్టుకొనుచు, అప్రస్తుతప్రసంగికి బదులు చెప్పుచు, తుదకు పద్యము లన్నిటిని ధారణ చేసి అప్పగించుట. పరిశీలించి చూచినచో ఇందు నాలుగు శక్తులు పరీక్షకు వచ్చుచున్నవి. విన్నదానిని నిలుపుకొనుట మొదటిది. మనస్సును ఒకచోట నిలుపుట రెండవది. అవసరము వచ్చినప్పుడు దానిని ఒక పనినుండి మఱియొక పనికి మరలించుట మూడవది. తగిన మాట తడవుకొనకుండ తోచుట నాలుగవది. ఈ నాలుగింటిని శ్రోతలు జ్ఞాపకమునందుంచుకొనవలయును. వీనితో మనకు మున్ముందు పని కలదు. అయితే అవధానసభలో మెప్పు కలదు గాని తూకము లేదు. అవధానికి నిరుటికంటె ఈ యేడు ధారణ ఎంత తగ్గినదో లెక్కవేసి చెప్పు పృచ్ఛకు డెవ్వడును లేడు.

తూకమునకు పూనుకొన్నవారు పాశ్చాత్యులు. వారిలో ఇద్దఱి పేరులు మనకు ముఖ్యములు. జర్మనీదేశస్థుడగు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లో ధారణనుగూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను. ఆయన అర్థములేని అక్షరసముదాయములను వేలకొలదిగా కూర్చుకొని, వానిని తానే వల్లెవేసి, గంట గడచిన పిదప ఎంత మఱచెనో, దినము గడచిన పిదప ఎంత మఱచెనో తననే పరీక్షించుకొనెను. ఆ పరీక్షలో పరీక్షకుడును విద్యార్థియు ఒక్కడే. ఆయన తన నేటి జ్ఞాపకమును తన నిన్నటి జ్ఞాపకముతోనే పోల్చెను.

రెండవవాడు పారిసు నగరమునకు చెందిన ఆల్‌ఫ్రెడ్ బినే. బడిలో వెనుకబడిన పిల్లలను గుర్తించుటకై ఈయన సిమోన్ అను సహచరునితో కలసి 1905లో ఒక ప్రశ్నావళిని సిద్ధపఱచెను. ఇచ్చట పోలిక వేఱు. ఎనిమిదేండ్ల బాలుని ఎనిమిదేండ్ల బాలురతో పోల్చి, వాడు తోడివారికంటె ముందున్నాడా, వెనుకనున్నాడా అని చూచుట.

తనను తనతో పోల్చుట ఒక దారి. తనను తోడివారితో పోల్చుట రెండవ దారి. మనము చెప్పుకొనబోవు కథ యంతయు ఈ రెండు దారుల నడుమ జరిగినది.

తరువాతి కాలమున ప్రశ్నావళులు పెక్కు పుట్టినవి. 1944లో అమెరికా సైన్యమువారు సిపాయిలకు పెట్టిన పరీక్షలలో నొకటి నేటికిని వాడుకలో నున్నది. కాగితముమీద వలయములు చెదరియుండును. మొదట 1, 2, 3 అని అంకెల వరుసలో గీత కలుపుకొనుచు పోవలయును. రెండవ భాగమున ఒక అంకె, ఒక అక్షరము, మఱల ఒక అంకె, ఒక అక్షరము - ఇట్లు మార్చి మార్చి కలుపవలయును. ఎన్ని సెకండ్లు పట్టెనో అదియే కొలత. ఇది మన అవధానములోని మూడవ శక్తికి, అనగా మనస్సును మరలించు నేర్పునకు పరీక్ష. 1975లో ఫోల్‌స్టీన్ దంపతులును మెక్‌హ్యూ అను వైద్యుడును రోగి మంచముచెంతనే కూర్చుండి కొలది నిమిషములలో ముగింపదగిన 30 మార్కుల పరీక్షను ప్రకటించిరి. ఈనా డే తేది? ఇది ఏ ఊరు? నూటిలోనుండి ఏడేసి తీసివేయుము. ఈ మూడు మాటలు వినుము, మఱికొంతసేపటికి మఱల చెప్పుము. ఈ బొమ్మను చూచి గీయుము. ఇట్టివి అందలి ప్రశ్నలు. లోకమంతట ఈ పరీక్ష వ్యాపించినది. దీనికంటె కొంచెము కఠినమైన 30 మార్కుల పరీక్షను మాంట్రియల్ నగరమున నస్రెద్దీన్ అను వైద్యుడు 2005లో ప్రకటించెను.

ఇక క్యాన్సరు కథకు వత్తము. మన పెద్దలు రాచపుండు అనుచుండిన ఈ వ్యాధికి పూర్వము కత్తియే ముఖ్యమైన చికిత్స. తరువాత కిరణచికిత్స వచ్చినది. నెత్తురులో కలసి శరీరమంతట తిరిగి క్యాన్సరు కణములను చంపు మందులు రెండవ ప్రపంచయుద్ధకాలమున మొదలయ్యెను. యుద్ధమునకై పరిశోధింపబడిన ఆవపువ్వు విషవాయువు జాతికి చెందిన నైట్రోజన్ మస్టర్డును అమెరికాలోని యేల్ వైద్యులు 1942లో ఒక రోగికి తొలుత నిచ్చిరి.

రెండవ మందుల వరుసకు మూలమైనవారిలో తెలుగువా డొకడు కలడు. 1895లో భీమవరమున పుట్టి, అమెరికాకు వెళ్లి, లెడర్లీ సంస్థలో పరిశోధనకు నాయకుడైన యల్లాప్రగడ సుబ్బారావుగా రాయన. ఫోలిక్ ఆమ్లమునకు ఎదురు నిలిచి కణముల పెరుగుదలను అడ్డగించు మందులు ఆయన నాయకత్వమున సిద్ధమయ్యెను. అందు నొకదానిని బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు రక్తపు క్యాన్సరు సోకిన పసిపిల్లలకు ఇచ్చి, కొందఱిలో వ్యాధి కొంతకాలము అణగెనని 1948లో ప్రకటించెను. ఆ యేడు ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూసిరి. ఆ కుటుంబమునకు చెందిన మెథోట్రెక్సేటు అను మందు నేటికిని వైద్యుల చేతిలో నున్నది.

1976లో ఇటలీదేశమున మిలాను నగరమునకు చెందిన బొనడోన్నా అను వైద్యుడు, స్తనక్యాన్సరుకు శస్త్రచికిత్స పొందిన స్త్రీలకు మూడు మందులను కలిపి ఇచ్చిన ఫలితమును ప్రకటించెను. ఆ మూటిలో నడిమిది మెథోట్రెక్సేటే. మందు పొందని 179 మందిలో నూటికి 24 మందికి వ్యాధి తిరుగబెట్టగా, మందు పొందిన 207 మందిలో నూటికి 5 మందికి మాత్రమే ఆ కాలమున తిరుగబెట్టినది. అప్పటినుండి కత్తి తరువాత మందు ఇచ్చుట వాడుకయైనది. అనేకుల ప్రాణములు నిలిచినవి. ఈ మేలును మఱచి తరువాతి మాటలను వినరాదని శ్రోతలకు నా మనవి.

ప్రాణము నిలిచిన పిదపనే మనుష్యుడు తక్కిన విషయములను తలచును. చికిత్స ముగిసి ఇంటికి వచ్చిన స్త్రీలు మాట తోచుట లేదనియు, చదివినది నిలుచుట లేదనియు, రెండు పనులు ఒక్కసారి చేయలేకున్నామనియు చెప్పసాగిరి. తమలో తాము దానికి కీమోబ్రెయిన్ అని పేరుకూడ పెట్టుకొనిరి. వినినవారు చాలకాలము దీనిని దిగులనిరి, అలసట అనిరి, వృద్ధులైనచో వయస్సనిరి. 1980లో అమెరికాలో సిల్బర్‌ఫార్బ్ మొదలగువారు క్యాన్సరు రోగులను పరీక్షించి, మందులు పొందినవారిలో బుద్ధిలోపము కనబడుచున్నదనియు, అది కేవలము మనోవిచారమువలన వచ్చినది కాదనియు వ్రాసిరి. 1995లో వీనెకె, డీన్‌స్ట్ అను ఇద్దఱు మందు పొందిన 28 మంది స్తనక్యాన్సరు రోగులను పరీక్షింపగా, నూటికి 75 మందికి ఏదో ఒక శక్తిలో లోపము కనబడెను.

సంఖ్య వినుటకు భయంకరముగా నున్నది. కాని పరీక్షకుడైనవాడు వెంటనే అడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు: ఎవరితో పోల్చితిరి? వారు పోల్చినది ఆరోగ్యవంతుల సగటు అంకెలతో. 1998లో నెదర్లాండ్సుదేశమున వాన్ డామ్ మొదలగువారు ఒక మెట్టు ముందునకు వేసిరి. స్తనక్యాన్సరు స్త్రీలనే మూడు గుంపులుగా తీసికొనిరి. పెద్దమోతాదు మందు పొందినవారిలో నూటికి 32 మందికి, మామూలు మోతాదు పొందినవారిలో 17 మందికి, ఈ మందులు పొందనివారిలో 9 మందికి లోపము కనబడెను. మోతాదు హెచ్చినకొలది లోపము హెచ్చినదని తోచును. అయినను వారిని పరీక్షించినది చికిత్స ముగిసిన రెండేండ్ల తరువాత. చికిత్సకు ముందు వారి బుద్ధి ఎట్లుండెనో వ్రాసి పెట్టినవా రెవ్వరును లేరు. ఇది బినే దారియే కాని ఎబ్బింగ్‌హౌస్ దారి కాదు.

2004లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమున వెఫెల్ అను శాస్త్రజ్ఞుడును ఆయన తోడివారును 18 మంది స్త్రీలను మందు పుచ్చుకొనుటకు ముందే పరీక్షించిరి. గుంపు చిన్నది, ఫలితము మాత్రము పెద్దది. మందు చుక్కయైనను లోనికి పోకముందే నూటికి 33 మందికి ఏదో ఒక శక్తిలో లోపము కనబడెను. కావున దోషమంతయు మందుది కాదు. వ్యాధియు, శస్త్రచికిత్సయు, మరణభయమువలన వచ్చిన నిద్రలేమియు అందు పాలుపంచుకొని యుండవచ్చును. అదే స్త్రీలను మందు తరువాత మఱల పరీక్షించి, ఎవరి అంకెను వారి పూర్వపు అంకెతోనే పోల్చగా, నూటికి 61 మంది ఏదో ఒక శక్తిలో తగ్గియుండిరి. వారిలో తోడివారితో పోల్చినచో బాగున్నట్లే కనబడి, తమతో తాము పోల్చినప్పుడు తగ్గినవారును కలరు.

ఇది సంఖ్యలతో చెప్పుటకంటె ఒక మనిషి మాటతో చెప్పిన స్పష్టమగును. మా వీథిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయిని కలరు. వయస్సు 68. బడిలో లెక్కలు చెప్పినవారు. స్తనక్యాన్సరుకు చికిత్స పొంది ఏడాది గడచినది. ఒక ఆసుపత్రిలో పరీక్ష జరిగిన పిదప నాతో ఇట్లనిరి:

"మాస్టారూ, కూర్చోబెట్టి ఇవాళ ఏ వారం, ఇది ఏ ఊరు అని అడిగారు. నూటిలోంచి ఏడేసి తీసేయమన్నారు. లెక్కల టీచర్ని, అదొక లెక్కా నాకు! ముప్పైకి ఇరవైతొమ్మిది వేసి, మీకేం లేదమ్మా, వయసు అన్నారు. కానీ పొయ్యిమీద పాలు పెట్టి ఫోనెత్తానంటే పాలసంగతి మరి గుర్తురాదు. చీటీపాట లెక్క నోటితో చెప్పేదాన్ని. ఇప్పుడు కాగితంమీద రెండుసార్లు కూడుకోవాలి."

"చికిత్సకు ముందు ఇదే పరీక్ష పెట్టారా అమ్మా?" అని అడిగితిని.

"ముందెవరు పెడతారు మాస్టారూ? అప్పుడు ప్రాణం దక్కితే చాలన్నారు. నేనూ అదే అనుకున్నాను."

శ్రోతలారా, మన బడులలో 35 మార్కులు వచ్చినవాడు ఉత్తీర్ణుడు. 95 తెచ్చుకొను పిల్లవాడు జ్వరము తగిలి లేచి 75 తెచ్చుకొనినచో, ఉత్తీర్ణుల పట్టికలో వాని పేరు చెక్కుచెదరదు. వాని తల్లికి మాత్రము తెలియును, ఏమో జరిగినదని. ఆ 30 మార్కుల పరీక్ష పూర్తిగా బుద్ధిభ్రంశము చెందినవారిని గుర్తించుటకు పుట్టినది. నలువదియేండ్లు లెక్కలు చెప్పిన ఆమెలో వచ్చిన సన్నని లోపము దానికి అందదు. కుంచముతో గురివిందగింజను కొలువలేము గదా! కుంచములో తప్పు లేదు, పని వేఱు.

వృద్ధస్త్రీల విషయమున ఈ కొలత మఱింత చిక్కు. పడుచువారిలో మందు పని ఒక్కటే వెదకిన చాలును. అరువదియేండ్లు దాటినవారిలో మూడు పోగులు ఒకదానితో నొకటి పెనవైచుకొని యుండును. వయస్సుతో సహజముగా వచ్చు మాంద్యము ఒకటి. రక్తపుపోటు, మధుమేహము మొదలగు తక్కిన వ్యాధులును, వానికై మ్రింగు మాత్రలును రెండవది. క్యాన్సరును దాని చికిత్సయు మూడవది. దీనికి తోడు స్త్రీశరీరమునందలి ఈస్ట్రోజెనును అణచు మాత్రలను అనేకులు ఏండ్లతరబడి వాడవలసియుండును. చెవి మందగించిన ముసలమ్మకు పరీక్షకుని మాట వినబడకపోయినచో, అదియు మఱపుక్రింద లెక్కకు వచ్చును. కన్ను కానరాక గీత తప్పినచో అదియు బుద్ధిలోపముగా నమోదగును. ఇంతకును పాశ్చాత్యదేశములలో ఈ వ్యాధి వయస్సుతో హెచ్చునది; అయినను తొలినాటి పరిశోధనలలో మిక్కిలి పాలు నడివయస్సు స్త్రీలమీదనే జరిగినవి.

ఈ కొఱతను తీర్పబూనినవారిలో భారతసంతతికి చెందిన ఆర్తీ హురియా అను వైద్యురాలు ఒకతె. ఈమె 2006లో ప్రకటించిన పరిశోధనలో 65 యేండ్లు దాటిన 28 మంది స్త్రీలను మందునకు ముందును, మందు ముగిసిన ఆరు నెలలకును పరీక్షించెను. అందు నాలుగవవంతు మందిలో బుద్ధిశక్తి తగ్గెను. నాలుగింట మూడువంతుల మంది నిలిచిరి అనునదియు ఇందులోని వార్తయే. తరువాత మాండెల్‌బ్లాట్ అను వైద్యురాలి నాయకత్వమున అమెరికాలో పెద్ద పరిశోధన జరిగెను. 60 యేండ్లు దాటిన 344 మంది రోగులను, వారితో వయస్సు మొదలగువానిలో సరిపోలు 347 మంది ఆరోగ్యవంతులను 2010 మొదలుకొని చేర్చుకొనిరి. మందు మొదలిడకముందు ఒకసారి, 12 నెలలకు ఒకసారి, 24 నెలలకు ఒకసారి పరీక్షించిరి. 2018లో ప్రకటించిన ఫలితమునుబట్టి, అందఱు రోగులును ఒకేవిధముగా తగ్గలేదు. పుట్టుకతో వచ్చు ఒక వంశలక్షణము, వృద్ధాప్యమున మతిభ్రంశము వచ్చు అవకాశమును పెంచు ఏపీఓఈ-4 అనునది, కలిగియుండి రసాయనచికిత్స పొందినవారిలో లోపము స్పష్టముగా కనబడెను.

ఈ పరిశోధనలో నేను మెచ్చుకొనునది ఒక ఏర్పాటు. ఆరోగ్యవంతుల నేల చేర్చుకొనిరి? రెండేండ్లలో రోగికాని ముసలమ్మకు కూడ కొంత వయస్సు మీదపడును గదా! ఆ సహజమైన తగ్గుదలను తెలిసికొని, రోగి తగ్గుదలలోనుండి తీసివేసినగాని మిగిలినది వ్యాధికిని చికిత్సకును చెందినదని చెప్పరాదు. అంతేకాదు. ఒకే ప్రశ్నపత్రము రెండవసారి ఇచ్చినచో విద్యార్థి కొంత మెఱుగుగా వ్రాయును. ఇది ప్రతి ఉపాధ్యాయునకును తెలిసినదే. ఆ అలవాటు మార్కులు కలియుటచేత నిజమైన తగ్గుదల కప్పబడును. పోలిక గుంపు ఉండుటచేత ఈ చిక్కును తీరును. ఇచ్చట ఎబ్బింగ్‌హౌస్ దారియు బినే దారియు కలసినవి. ముందు ఎవరిని వారితోనే పోల్చవలయును; పిమ్మట ఆ మార్పును తోడివారి మార్పుతో పోల్చవలయును.

ఇట్లు ఎవరికి వారు వేఱువేఱు పరీక్షలు పెట్టుచుండుటచేత ఒకరి ఫలితము నొకరు పోల్చుకొనలేకుండిరి. ఒక ఊరి కుంచము మఱియొక ఊరి కుంచముతో సరిపడనట్లే యిది. 2006లో వెనీసు నగరమున పలు దేశముల పరిశోధకులు కూడి ఒక సంఘముగా ఏర్పడిరి. ఆ సంఘమువారు 2011లో అందఱును వాడదగిన మూడు పరీక్షలను సూచించిరి. మొదటిది, పండ్రెండు మాటలను మూడుమార్లు వినిపించి చెప్పించి, ఇరువది నిమిషములకు పైగా గడచిన పిదప మఱల అడుగుట. ఇది ధారణ. రెండవది, ఇందాక చెప్పిన అంకెల అక్షరముల వలయములను కలుపుట. ఇది ఏకాగ్రతయు, మనస్సును మరలించుటయు. మూడవది, ఒక అక్షరము నిచ్చి దానితో మొదలగు మాటలను ఒక్క నిమిషములో ఎన్ని చెప్పగలరో చూచుట. ఇది మాట తోచుట. అవధానమున మనము చూచిన నాలుగు శక్తులు ఇచ్చట మూడు పరీక్షలలో ఇమిడినవి.

ఇక తెలుగు ముసలమ్మ ముందు ఈ పరీక్షను పెట్టినచో నేమగును? ఇంగ్లీషున ఎఫ్ అక్షరముతో మాటలు చెప్పుమనుట సులభము. తెలుగున "క" అన్నచో "క" ఒక్కటియేనా, "కా, కి, కీ" మొదలగు గుణింతమంతయునా? "క్రమము", "క్షేమము" లెక్కకు వచ్చునా, రావా? వ్యాకరణమునకు సంబంధించిన ఈ సందేహములను ముందే తీర్చుకొనక మార్కు వేయరాదు. చదువురాని ముసలమ్మకు మాటను అక్షరములుగా విడదీయు అలవాటే లేదు. ఆమెను కూరగాయల పేరులో జంతువుల పేరులో చెప్పుమన్నచో గడగడ చెప్పును. అక్షరమడిగి ఆమెకు సున్న వేసినచో, ఆ సున్న ఆమెది కాదు, ప్రశ్నది.

ఈ చిక్కును గుర్తించి మన దేశమున జరిగిన కృషి గర్వింపదగినది. హర్యానాలోని బల్లభ్‌గఢ్ ప్రాంతమున చదువురాని వృద్ధులకు తగినట్లుగా ఆ 30 మార్కుల పరీక్షను హిందీలోనికి మార్చి 1995లో ప్రకటించిరి. అక్షరములను వెనుకనుండి చెప్పుమనుటకు బదులు వారముల పేరులను వెనుకనుండి చెప్పుమనిరి. "కండ్లు మూసికొనుము" అని వ్రాసిన కాగితమును చదివించుటకు బదులు, నేను చేసినట్లు చేయుమని పరీక్షకుడు తాను కండ్లు మూసి చూపును. హైదరాబాదులోని నిజాము వైద్యవిజ్ఞానసంస్థలో సువర్ణా అల్లాడిగారును తోడివారును 648 మంది మతిభ్రంశ రోగులను పరిశీలించి 2013లో ఒక విశేషమును ప్రకటించిరి. రెండు భాషలు మాటలాడువారికి ఆ వ్యాధి నాలుగున్నరయేండ్లు ఆలస్యముగా వచ్చినది. చదువురానివారిలోను ఈ భేదము కనబడినది. 2020 నాటికి భారత వైద్యపరిశోధన మండలివారు తెలుగు మొదలుగా ఐదు భాషలలో, చదివినవారికిని చదువురానివారికిని తగిన బుద్ధిపరీక్షల నొక్కచోట కూర్చిరి. ఇవి మతిభ్రంశమునకై పుట్టిన కొలతలే. అయినను మన క్యాన్సరు వైద్యశాలలలో మన స్త్రీలను మన భాషలో పరీక్షింపదలచినవారు పునాదినుండి మొదలుపెట్ట నక్కఱలేదు.

మఱియొక సందేహము మిగిలినది. రోగి తన మఱపునుగూర్చి చెప్పుకొను మాటకును, పరీక్షలో వచ్చు మార్కునకును చాలసార్లు పొత్తు కుదురదు. దీనినిబట్టి కొందఱు రోగి మాట అబద్ధమనిరి. ఇది తొందరపాటు. పరీక్ష జరుగు గది నిశ్శబ్దముగా నుండును. ఒకసారి ఒకే పని. ఎదుట కూర్చున్నవారు ఓర్పుతో నడిపింతురు. ఇంటిలో అట్లు కాదు. పాలు పొంగును, ఫోను మ్రోగును, మనుమడు పిలుచును, తలుపు తట్టుదురు. ఆ గదిలో సరిపోయిన బుద్ధి ఈ వంటింటిలో సరిపోకపోవచ్చును. అలసటయు, దిగులును ఈ ఫిర్యాదును పెంచునన్న మాటయు నిజమే. ఆ రెండును చికిత్సకు లొంగునవే. కావున మార్కు ఒక సాక్ష్యము, రోగి మాట ఒక సాక్ష్యము. న్యాయాధిపతి ఇద్దఱి సాక్ష్యమును వినవలయును.

మందు మెదడున నేమి చేయునో కొంతవఱకు తెలియవచ్చినది. 2018లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున మిషెల్ మోంజె మొదలగువారు ఎలుకలకు మెథోట్రెక్సేటునే ఇచ్చి చూచిరి. మెదడునందలి కావలి కణములు రేగి, నరముల తీగలపైనుండు పొర సరిగా ఏర్పడకుండుటయు, ఎలుకల ధారణ తగ్గుటయు గమనించిరి. రేగిన ఆ కణములను తొలగింపగా ఎలుకలు తేఱుకొనెను. ఇది ఎలుకలలో కనబడినది; మనుష్యులకు చికిత్సగా చెప్పుటకు ఇది చాలదు. అయినను మఱపు రోగి కల్పన కాదనుటకు ఇదియు నొక సాక్ష్యము. సుబ్బారావుగారి కీర్తికి ఇందువలన లోటు లేదు. మేలు చేసిన మందు చేయు కీడును కూడ కొలిచి తగ్గించుట ఆయన విద్యకు వారసులైనవారి పని.

ఇంతసేపు విన్న శ్రోతలకు, అందును ముఖ్యముగా ఇంట పెద్దవయస్సు తల్లియో, అత్తయో, అక్కయో ఈ వ్యాధికి చికిత్స పొందబోవుచున్నవారికి రెండు మూడు మాటలు మనవి చేసి విరమింతును. మఱపు వచ్చునను భయముచేత మందు మానవలదు. వృద్ధులలో అందఱికిని అది రాదు, వచ్చినవారిలోను చాలమందికి తేలికగానే యుండును. మందు మొదలిడక ముందే ఆమె ధారణను, ఏకాగ్రతను ఒకసారి పరీక్షించి వ్రాసి ఉంచుడని వైద్యుని అడుగుడు. ఆ సదుపాయము లేనిచోట ఇంటివారే ఒక పుస్తకమున వ్రాసికొనవచ్చును: పాలవాని లెక్క తానే చూచుకొనుచున్నది, మాత్రలు తానే వేసికొనుచున్నది, మందుల చీటి ఎక్కడ పెట్టినది తానే చెప్పుచున్నది అని. ఆరు నెలల తరువాత పోల్చుటకు అది పనికివచ్చును. తగ్గినట్లు తోచినచో వయస్సని తోసివేయక, థైరాయిడు, బి12 విటమిను, వినికిడి, నిద్ర, దిగులు వీనిని చూపింపుడు. వీనిలో సరిదిద్దదగినవి పెక్కు కలవు.

మా వీథి ఉపాధ్యాయినికి ముందటి అంకె లేదు. అయినను ఆమెకు ఇటీవల వేఱొకచోట నిదానముగా పరీక్ష జరిగినది. మాటల ధారణ బాగున్నదనియు, రెండు పనులను ఒక్కసారి నడుపుట తగ్గినదనియు తేలినది. ఇప్పుడు పొయ్యిమీద పాలున్నంతసేపు ఆమె ఫోనెత్తుట లేదు. చీటీ లెక్క కాగితముమీదనే వేయుచున్నది, రెండుమార్లు కూడుచున్నది. లెక్క తప్పుట లేదు.

స్వస్తి.